147/250 అని రాసుంటే ఎంత పెట్టొచ్చు?

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఈమధ్యే సొంత ఫ్లాట్‌లోకి మారాం. హాల్లో గోడకి మంచి బొమ్మ పెట్టుకోవాలని ఎప్పటి నుంచో ఆశ. ఒక గ్యాలరీ వాళ్ళు పేరున్న చిత్రకారుడి ‘లిమిటెడ్ ఎడిషన్ సెరిగ్రాఫ్’ చూపించారు. ఆయన వేసిన పెయింటింగ్‌దే అట. కింద పెన్సిల్ సంతకం, 147/250 అని నంబరు, వాళ్ళ సర్టిఫికెట్. ఫ్రేముతో కలిపి 45 వేలు. చిన్న నంబర్లు ఇంకా ఖరీదట, అవి అయిపోయాయట, ఈ ధర ఆదివారం దాకానేనట, ఐదేళ్ళలో రెట్టింపవుతుందట. మా వారేమో ‘అచ్చేసిన బొమ్మకి ఇంత డబ్బా? క్యాలెండర్‌కీ దీనికీ తేడా ఏంటి?’ అంటున్నారు. ఇంకో సంగతి. మా పెదనాన్నగారు పోయాక పెద్దమ్మ నాకో చిన్న నలుపు తెలుపు బొమ్మ ఇచ్చింది. కింద పెన్సిల్‌తో ఏ/పీ అని ఉంది, సంతకం అర్థం కావట్లేదు. పెదనాన్న కుర్రతనంలో హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివారు. కాగితం మీద గోధుమ రంగు మచ్చలొచ్చాయి. ఫ్రేముల షాపు అతను అంచులు కత్తిరించి లామినేషన్ చేస్తే శుభ్రంగా ఉంటుందంటున్నాడు. చేయించమంటారా? దానికేమైనా విలువ ఉంటుందా?

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. లామినేషన్ చేయించకండి, అంచులు కత్తిరించనివ్వకండి. ఎందుకో కింద వివరంగా చెబుతాను. ఈలోగా ఆ బొమ్మ షాపులో ఉంటే ఇంటికి తెచ్చేసుకోండి.

ఇక మీ వారి ప్రశ్న. అది చాలా సరైన ప్రశ్న. క్యాలెండర్‌కీ దీనికీ తేడా ఏంటో గ్యాలరీ వాళ్ళు సూటిగా చెప్పగలిగితే 45 వేల సంగతి ఆలోచించొచ్చు. చెప్పలేకపోతే నంబరు, సంతకం, సర్టిఫికెట్ మూడూ కలిపినా ఆ లోటు పూడదు.

ప్రింట్ అని అమ్ముతున్నవాటిలో రెండు జాతులున్నాయి. మొదటిది, కళాకారుడు ప్రింట్‌గానే ఊహించి ప్రింట్‌గానే చేసింది. రాగి పలకో జింకు పలకో తీసుకుని, దాని మీద గీసి, యాసిడ్‌లో పెట్టి, ఇంకు పట్టించి, తడి కాగితం పరిచి ప్రెస్సులో తీస్తే వచ్చేది ఎచింగ్. చెక్క చెక్కి తీస్తే ఉడ్‌కట్, రాతి మీద గీసి తీస్తే లితోగ్రాఫ్, సిల్కు తెర మీంచి రంగు దించితే సెరిగ్రాఫ్. ఇలా చేసినదానికి వెనకాల ఎక్కడో వేరే అసలు బొమ్మ ఉండదు. పలక పనిముట్టు మాత్రమే, కాగితం మీదకి దిగిందే బొమ్మ. 30 కాగితాలు తీస్తే ముప్పయ్యీ అసలువే. రెండో జాతి వేరు. కాన్వాస్ మీద వేసి ఎప్పుడో అమ్మేసిన పెయింటింగ్‌ని ఫోటో తీసి, రంగులు విడగొట్టి, ఇంకొకరి చేత అచ్చు వేయించి, కింద కళాకారుడి చేత సంతకం పెట్టిస్తారు. అది ఎంత అందంగా అచ్చయినా నకలే. ఇంట్లో పెట్టుకోదగ్గ నకలు కావచ్చు, దాని ధర మాత్రం నకలు ధరలా ఉండాలి.

ఈ తేడాని కళాకారులే కాదు, ప్రభుత్వం కూడా పాటిస్తుంది. మన కస్టమ్స్ టారిఫ్ 97వ అధ్యాయంలో, ఒరిజినల్ ప్రింట్ అంటే కళాకారుడు పూర్తిగా తన చేత్తో చేసిన పలక నుంచి నేరుగా తీసింది అని ఉంది. యంత్రంతోనో ఫోటో పద్ధతిలోనో తీసినవి అందులోకి రావని కూడా అక్కడే ఉంది.

అయితే ఆ నిర్వచనాన్ని మరీ బిగించి పట్టుకుంటే పొరపాటు పడతాం. అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1967లో మార్లిన్ మన్రో ముఖంతో పది స్క్రీన్‌ప్రింట్ల (సెరిగ్రాఫ్‌కే ఇంకో పేరు) సెట్ వేయించాడు, ఒక్కోటి 250 కాపీలు. వాటికి ఆధారం ఫోటోనే, అచ్చు తీసింది వేరేవాళ్ళే. అయినా వాటిని నకళ్ళని ఎవరూ అనరు, ఎందుకంటే ఆ రంగుల కూర్పుతో, ఆ కొలతలో ఆ పని స్క్రీన్‌ప్రింట్ కోసమే పుట్టింది. తర్వాత వేరేవాళ్ళు అవే ముఖాలు అదే కొలతలో మళ్ళీ అచ్చువేసి అమ్మితే, కొన్నిటి మీద వార్హోల్ ‘ఇది నేను చేసింది కాదు’ అని రాసి సంతకం పెట్టాడు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, ధరలో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. కాబట్టి సెరిగ్రాఫ్ అన్న పేరు వినగానే తీసిపారేయక్కర్లేదు, కళ్ళకద్దుకోనూ అక్కర్లేదు. ‘ఈ బొమ్మ మొదట ఎక్కడ పుట్టింది, తెర మీదా, కాన్వాస్ మీదా?’ అని అడగండి. మీరు చూసినది పెయింటింగ్‌దేనని వాళ్ళే చెప్పారు. అంటే రెండో జాతిది.

ప్రింట్‌లోనే ఆలోచించడం అంటే ఏమిటో చూడాలంటే తెలుగువాళ్ళకి ఎంతో దూరం వెళ్ళే పని లేదు. కృష్ణా రెడ్డి గారు 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్ మీదుగా పారిస్ చేరి, స్టాన్లీ విలియం హేటర్ నడిపే అటెలియే 17 అనే వర్క్‌షాప్‌లో పనిచేశారు. తర్వాత దానికి సహ డైరెక్టర్ కూడా అయ్యారు. అంతకుముందు ఎచింగ్‌లో రంగులు కావాలంటే మామూలుగా రంగుకో పలక చేసుకుని, ఒకదాని తర్వాత ఒకటి కాగితం మీద సరిగ్గా అతికినట్టు దించాల్సి వచ్చేది. అక్కడ ఆయనా తోటివాళ్ళూ కలిసి ఒక్క పలక నుంచే, ఒక్క దెబ్బకి అన్ని రంగులూ దించే పద్ధతి సాధించారు. దాన్ని విస్కాసిటీ ప్రింటింగ్ అంటారు.

అదెలా పనిచేస్తుందో చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే మీరు ప్రింట్‌ని చూసే తీరే మారుతుంది. పలకని శిల్పం చెక్కినట్టు చెక్కుతారు, పైన మిట్ట, మధ్యలో వాలు, కింద లోయ ఉండేలా. ముందు లోతు గీతల్లో ఒక రంగు నింపి పైపైన తుడిచేస్తారు. తర్వాత గట్టి రబ్బరు రోలర్‌తో ఒక రంగు పట్టిస్తే అది మిట్టలకే అంటుకుంటుంది. మెత్తని రోలర్ ఒత్తితే లోపలి వాలుల దాకా దిగుతుంది. రెండు రంగులూ కలిసిపోవాలి కదా, కలవవు. లిన్సీడ్ నూనె ఎక్కువ కలిపి పల్చన చేసిన రంగు ముందే పట్టి ఉన్న చోట చిక్కటి రంగు అంటుకోదు. నూనె పాళ్ళు మార్చి రంగుల్ని ఎక్కడ కలవనివ్వాలో, ఎక్కడ విడిగా ఉంచాలో ఆయన నిర్ణయించేవారు. అలలు, చేపలు, సుడిగుండాలు, సర్కస్ విదూషకుడు ఆ పలకల్లోంచే వచ్చాయి. ప్రతి కాగితానికీ పలక తుడిచి మళ్ళీ మొదటి నుంచి రంగులు పట్టించాలి. అందుకే ఒకే ఎడిషన్‌లో, అంటే ఒకే పలక నుంచి తీసిన కాగితాల వరసలో, రెండు కాగితాలు అచ్చం ఒకేలా ఉండవు. ఒకదాంట్లో నీలం కాస్త లోతుగా దిగుతుంది, ఇంకోదాంట్లో పసుపు పైకి తేలుతుంది. పెయింటింగ్ ఫోటో తీసి అచ్చువేస్తే ఇదేదీ రాదు. ఆయన 2018లో న్యూయార్క్‌లో పోయారు. ప్రింట్‌మేకింగ్ చరిత్ర రాసేవాళ్ళెవరూ దాటవేయలేని మనిషి. మన ఇళ్ళల్లో ఆయన పేరు తెలిసినవాళ్ళు ఇంత తక్కువ ఉండటం నాకు నిజంగా బాధ.

లక్ష్మా గౌడ్ గారి ఎచింగులూ అంతే. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్‌లోనూ తర్వాత బరోడాలోనూ చదివిన ఆయన గీతలో ఆ ఊరి మేకలు, చెట్లు, ఆడామగా అంతా పలక మీదే ఊపిరి పోసుకున్నాయి. అక్వాటింట్ (ఎచింగ్‌లో గీతలు కాకుండా నీడలు పట్టించే పద్ధతి) నలుపుని ఆయన వాడినట్టు వాడేవాళ్ళు తక్కువ. మన దేశంలో పుట్టిన కళాకారిణి జరీనా హష్మీ ‘హోమ్ ఈజ్ ఎ ఫారిన్ ప్లేస్’ అని 1999లో 36 ఉడ్‌కట్లు చేశారు, ఎడిషన్ 25 మాత్రమే. ఒక్కో కాగితం మీద ఒక్కో ఉర్దూ మాట, దాని పక్కన ఇల్లు, గడప, దూరం లాంటి ఊహకి నాలుగే నాలుగు గీతలు. ఇలాంటివాటికి ధర ఎందుకు పెరుగుతుందో ఎవరూ మీకు సర్టిఫికెట్ చూపించి ఒప్పించాల్సిన పని ఉండదు.

ఇక నంబరు సంగతి. 147/250 అంటే ఎడిషన్‌లో 250 ఉన్నాయి, ఇది 147వది అని. చిన్న నంబరు ఎక్కువ ఖరీదన్న మాట ఒక్క చోట కొంత నిజం. డ్రైపాయింట్ అని ఒక పద్ధతి ఉంది, పలకని సూదితో గీరినప్పుడు గీత పక్కన లోహం అంచు లేస్తుంది. ఇంకు దాన్ని పట్టుకుని గీతకి మఖ్మల్ లాంటి మెత్తదనం వస్తుంది. ప్రెస్సు ఒత్తిడికి ఆ అంచు త్వరగా అణిగిపోతుంది కాబట్టి ముందు తీసినవి బాగుంటాయి. సన్నటి అక్వాటింట్ కూడా అరుగుతుంది. కానీ సెరిగ్రాఫ్‌లో తెర అలా అరగదు. పైగా ఒక్కో కాగితం రంగుకోసారి తెర కిందకి వెళ్ళి, ఆరి, మళ్ళీ వెళ్తుంది, వరస ఎప్పుడో తారుమారవుతుంది. చివర్లో దొంతర ముందు పెట్టుకుని కళాకారుడు ఒకటి నుంచి నంబర్లు వేసుకుంటూ పోతాడు. అందుకని 3కీ 147కీ తేడా చెప్పి ఎక్కువ అడిగే అమ్మకందారు మాటలు కాస్త జాగ్రత్తగా వినండి.

నిజంగా అడగాల్సింది గీత కింద ఉన్న అంకె గురించి. 250 అంటే 250 మాత్రమేనా? ఏ/పీ (ఆర్టిస్ట్స్ ప్రూఫ్) అని కళాకారుడు తన దగ్గర ఉంచుకునేవి ఎన్ని? అవి ఎడిషన్‌లో పదో వంతు దాకా ఉండటం మామూలు. అమ్మకానికి కాదని గుర్తు పెట్టినవి, అచ్చు తీసినవాళ్ళకి ఇచ్చినవి, రోమన్ అంకెలతో ఇంకో వరస, కాన్వాస్ మీద వేరే సైజు, ఇవన్నీ కలిపి మొత్తం ఎన్ని? తెరలు చెరిపేశారా, రేపు ఇంకో రంగులో మళ్ళీ వేస్తారా? ఎచింగ్ అయితే ఎడిషన్ పూర్తవగానే పలక మీద అడ్డంగా గీత గీసి కొట్టేసేవాళ్ళున్నారు.

సంతకం గురించి కూడా మీకు భ్రమ ఉండకూడదు. పెన్సిల్ సంతకం మంచి ఆచారమే, అచ్చులో దాన్ని దొంగిలించడం కష్టం. కానీ కాగితం మీద సంతకం ఉన్నంత మాత్రాన బొమ్మ ఆయన చేసినట్టు కాదు. 1974లో ఫ్రాన్సు నుంచి పక్కనున్న చిన్న దేశం అండోరా వెళ్తున్న ఒక లారీని కస్టమ్స్ వాళ్ళు ఆపితే అందులో 40,000 ఖాళీ కాగితాలు దొరికాయి, కింద స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ సంతకంతో. వాటి మీద తర్వాత ఎవరైనా ఏదైనా అచ్చేసుకోవచ్చు. డాలీ ప్రింట్లంటే ఇప్పటికీ కొనేవాళ్ళు జంకడానికి అలాంటివే కారణం.

మీకు ఒక భూతద్దం చాలు. బంగారం పనివాళ్ళు కంటికి పెట్టుకునేలాంటిది, పదింతలు పెద్దగా చూపించేది అయితే ఇంకా మేలు. ఫ్రేములోంచి తీయించి, కాగితాన్ని వెలుతురులో పెట్టి రంగు మారే అంచు దగ్గర చూడండి. పేపర్లో రంగుల ఫోటోలా నాలుగు రంగుల చుక్కలు పువ్వుల్లా కనిపిస్తే ఆఫ్‌సెట్ పోస్టరు. సన్నటి తుంపర చల్లినట్టుంటే కంప్యూటర్ ఇంక్‌జెట్, దాన్నే జిక్లే అని అమ్ముతారు. సెరిగ్రాఫ్‌లో చుక్కలుండవు, రంగు ముద్దగా, నిండుగా పొరలు పొరలుగా ఉంటుంది, ఒక పొర ఇంకో పొర మీద ఎక్కిన గట్టు కనిపిస్తుంది. కొన్ని సెరిగ్రాఫులు ఫోటో తెరలతో తీస్తారు కాబట్టి చుక్కలు కనపడగానే కొట్టిపారేయకండి, అప్పుడు అవే చుక్కలు బొమ్మలో భాగమా కాదా అని చూడాలి. సంతకం మీద ఫోన్ టార్చి పక్కనుంచి వేయండి. నిజం పెన్సిలైతే కాస్త మెరుస్తుంది, కాగితం లోపలికి నొక్కినట్టుంటుంది. అచ్చులో వచ్చిన సంతకం మెరవదు.

ఐదేళ్ళలో రెట్టింపన్న మాట మీద నాకు కోపమొస్తోంది. 250 కాపీలని 45 వేలతో గుణించండి, కోటీ పన్నెండున్నర లక్షలు. అన్నీ అమ్ముడైతే వాళ్ళకి వచ్చేది అంత, మీ దగ్గర మిగిలేది 250 మందిలో ఒకరు కావడం. వాళ్ళలో ఓ పదిమంది ఒకే ఏడాది అమ్ముకోవాలనుకుంటే కొనేవాళ్ళు ఎక్కడున్నారు? అమ్మబోయినప్పుడు మీకు గ్యాలరీ ధర రాదు, ఫ్రేము ఖర్చు రాదు, కట్టిన జీఎస్టీ రాదు. వేలంలో పాట ఎంత పలికినా అందులోంచి అమ్మేవాళ్ళ కమీషన్ పోతుంది. కమీషన్ 10 శాతం అనుకుంటే 45 వేలు పలికినా చేతికొచ్చేది 40,500. కొన్నవాడు మాత్రం పాట మీద బయ్యర్స్ ప్రీమియం అని వేలం సంస్థకి రుసుము, పన్ను కట్టుకుంటాడు, అందుకే వార్తల్లో వచ్చే వేలం ధరకీ అమ్మినవాళ్ళకి ముట్టినదానికీ అంత తేడా. పెద్ద సంస్థలు చిన్న ధర ప్రింట్లు తీసుకోవడానికి అంత ఇష్టపడవు కూడా. శాఫ్రనార్ట్, పండోల్స్, ఆస్టాగురు లాంటి వేలం సంస్థలు పాత ఫలితాలు తమ సైట్లలో ఉంచుతాయి. ఆ చిత్రకారుడి పేరు పెట్టి వెతికి, పెయింటింగులు పక్కన పెట్టి, సెరిగ్రాఫులు ఎంతకి పోయాయో, ఎన్ని పోకుండా మిగిలాయో చూడండి. అదే బొమ్మ, అదే ఎడిషన్, అదే సైజు అయితేనే పోలిక. ఆయన పెయింటింగ్ లక్షలు పలికిందన్నది మీ ప్రింట్‌కి లెక్కలోకి రాదు.

మీకు ఆ బొమ్మ నిజంగా నచ్చితే? రోజూ చూసుకోవాలనిపిస్తే కొనుక్కోండి, ఎవరూ తప్పు పట్టరు. నకలని తెలిసి, తిరిగి అమ్మననుకుని, ఆ డబ్బు తిరిగి రాకపోయినా బాధపడనంత ధరకి బేరమాడి కొనండి. 45 వేలు అంత ధర అని నాకు అనిపించడం లేదు. అదే డబ్బుతో విశాఖలోనే ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగంలో గానీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్లో గానీ చదివి ప్రింట్‌మేకింగ్ చేస్తున్న కుర్రవాళ్ళ పనులు ఒకటి కాదు, కొన్ని కొనొచ్చు. ప్రదర్శనలు ఎప్పుడు పెడతారో కనుక్కుని మీ వారిని కూడా తీసుకెళ్ళండి. చేసినవాళ్ళే పక్కన నిలబడి పలక చూపించి చెబుతారు. క్యాలెండర్‌కీ దానికీ తేడా ఏంటో నేను ఇంత రాసినా రానంత స్పష్టంగా ఆయనకి అక్కడ అర్థమవుతుంది.

ఇప్పుడు మీ పెదనాన్నగారి బొమ్మ. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఇదే.

నలుపు తెలుపు, చిన్న సైజు, ఏ/పీ, పెన్సిల్ సంతకం, ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివిన మనిషి ఇంట్లో దొరకడం. ప్రింట్ చేసేవాళ్ళు తమలో తాము బొమ్మలు మార్చుకుంటారు, ఏ/పీలు స్నేహితులకీ తోటి విద్యార్థులకీ ఇచ్చుకోవడం బాగా ఉన్న అలవాటు. ఎవరిదో తెలిసేదాకా అది ఒక మామూలు విద్యార్థి పని కావచ్చు, పేరు తెచ్చుకున్నవాళ్ళ తొలి పని కావచ్చు, మీ పెదనాన్నగారిదే కావచ్చు. నేను ఉత్తరం చదివి చెప్పేయలేను, ఎవరైనా ఫోన్లో ఫోటో చూసి ధర చెప్పేస్తే నమ్మకండి.

ముందు టార్చి పక్కగా పట్టుకుని చూడండి. బొమ్మ చుట్టూ నాలుగు వైపులా కాగితం కాస్త లోపలికి నొక్కుకుని గట్టులా ఉందా? తడి కాగితం మీద లోహపు పలక పడ్డ గుర్తు అది. ఉంటే పలక నుంచి తీసిందనే అనుకోవచ్చు. ఆ గట్టు మీద వేలు పెట్టకండి, చూడండి చాలు. గీతలు భూతద్దంలో మొండిగా ఆగిపోతే యాసిడ్‌తో చేసినవి, సూది మొనలా సన్నబడుతూ పోతే ఉలితో చెక్కినవి. నీడలున్న చోట తెల్లటి చిన్న చిన్న రవ్వలు, వాటి చుట్టూ నలుపు అల్లుకున్నట్టుంటే అక్వాటింట్, పలక మీద చెట్టు జిగురు పొడి చల్లి, వేడి చేసి అంటించి, యాసిడ్‌లో పెట్టి చేస్తారు. కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే లోపల తయారీవాళ్ళ గుర్తు కనిపించవచ్చు, ఎక్కడైనా మూల అచ్చు తీసిన వర్క్‌షాప్ ముద్ర రంగు లేకుండా నొక్కి ఉండొచ్చు. వెనక పెన్సిల్‌తో ఏమైనా రాసుందేమో చూడండి, పేరు గానీ ఏడాది గానీ.

పలక గట్టు, వర్క్‌షాప్ ముద్ర, పెన్సిల్ సంతకం లాంటివి మీ షాపు అతను కత్తిరిస్తానన్న అంచుల్లోనే ఉండేవి. అంచు పోతే ప్రింట్ విలువలో పెద్ద ముక్క పోయినట్టే, ఎంత తెలిసినవాళ్ళు చూసినా తర్వాత తీసుకోవడానికి వెనకాడతారు. లామినేషన్ అయితే ఇక వెనక్కి తీసే దారే ఉండదు.

పెద్దమ్మగారితో కూర్చోండి. ఆ రోజుల్లో ఇంటికి ఎవరెవరు వచ్చేవారు, ఈ బొమ్మ ఎవరిచ్చారు, ఏ ఇంట్లో ఏ గోడకి ఉండేది, ఆవిడకి గుర్తున్నంత ఆవిడ మాటల్లోనే రాసి, తేదీ వేసి సంతకం పెట్టించుకోండి. ఆయన చదివిన ఏడాదుల ఆధారాలు, పాత ఫోటోలు, ఉత్తరాలు ఉంటే కలిపి ఒక కవర్లో పెట్టండి. ఈ కథ రాసి ఉన్న బొమ్మకీ లేనిదానికీ కొనేవాళ్ళ దగ్గర చాలా తేడా. ఆవిడ ఉన్నప్పుడే అడగాల్సిన సంగతి, వాయిదా వేయకండి. ఆ తర్వాత సంతకం స్పష్టంగా ఫోటో తీసి ఆ కాలేజీలో ప్రింట్‌మేకింగ్ చెప్పే మాస్టార్లకి చూపించండి. లలిత కళా అకాడమీ పాత ప్రదర్శనల క్యాటలాగుల్లో పేర్లు చూడొచ్చు. పేరు తేలితేనే ధర గురించి ఆలోచన.

మచ్చలు తేమ వల్ల, కాగితంలో ఉన్న మలినాల వల్ల, బూజు వల్ల వస్తాయి, విశాఖ గాలికి ఇంకా తొందరగా. రబ్బరుతో రుద్దకండి, బ్లీచింగ్ చేస్తామనేవాళ్ళకి ఇవ్వకండి. కాగితం బాగుచేసే కన్జర్వేటర్లు వేరే ఉంటారు. మీకు దగ్గర్లో భువనేశ్వర్‌లో ఇన్‌టాక్ కన్జర్వేషన్ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం కన్జర్వేషన్ ల్యాబ్ వాళ్ళు కనీసం ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్పగలరు. ప్రింట్ ఖరీదు తక్కువని తేలితే మచ్చలతోనే ఉంచండి, ఆ మచ్చలు పెరగకుండా చూస్తే చాలు.

అందుకు ఫ్రేము మార్చాలి. వెనక ప్లైవుడ్ గానీ హార్డ్‌బోర్డు గానీ ఉంటే తీసేయించండి, వాటిలోంచి వచ్చే ఆమ్లమే కాగితాన్ని గోధుమ రంగుకి తిప్పుతుంది. బొమ్మ చుట్టూ పెట్టే మౌంట్ బోర్డు యాసిడ్ లేనిది కావాలని అడగండి, కోసిన అంచు లోపల తెల్లగా ఉండాలి, పసుపెక్కి ఉంటే వద్దు. ఫెవికాల్, సెల్లో టేపు, రెండు వైపులా అంటుకునే టేపు ఏదీ ప్రింట్‌కి తగలకూడదు. పై అంచు వెనక పల్చటి జపాన్ కాగితం ముక్కలు రెండు గోధుమ పిండి గంజితో అంటించి వేలాడదీస్తే చాలు, కావాలన్నప్పుడు తడిపి ఊడదీసుకోవచ్చు. అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ ఉండాలి, లేదంటే తేమకి కాగితం అద్దానికి కరుచుకుంటుంది. డబ్బు పెట్టగలిగితే యూవీ ఆపే ఆక్రిలిక్ వేయించండి. సముద్రం వైపు బయటి గోడకీ వంటగది పక్క గోడకీ వద్దు, ఎండ పడే చోట అసలే వద్దు. ఫ్రేము వెనక కింది మూలల్లో చిన్న రబ్బరు బుడిపెలు అంటిస్తే గోడకీ దానికీ మధ్య గాలి ఆడుతుంది. వానాకాలం అయ్యాక ఓసారి దించి వెనక్కి తిప్పి చూడండి, వెండి పురుగులు చేరాయేమో తెలుస్తుంది. అతను ఇవేవీ చేయనంటే ఇంకో షాపు చూసుకోండి.

గ్యాలరీ వాళ్ళకి ఇవాళే ఒక మెసేజ్ పెట్టండి. బొమ్మ పేరు, ఏడాది, ఎవరు ఎక్కడ అచ్చు తీశారు, ఎన్ని రంగుల తెరలు, కాగితం ఏమిటి, బొమ్మ కొలత, కాగితం కొలత, ఏ/పీలతో సహా మొత్తం ఎన్ని, తెరలు ఏమయ్యాయి, ఫ్రేము లేకుండా ధరెంత, మీరే తిరిగి కొంటారా, కొంటే ఎంతకి. సర్టిఫికెట్ వాళ్ళదే కాబట్టి అది వాళ్ళ మాటే, ఈ వివరాలన్నీ అందులో ఉంటేనే దానికి అర్థం. జవాబు రాతలో రావాలి, ఫోన్లో చెబుతామంటే వద్దనండి. ఆదివారం దాటిపోతే దాటిపోనివ్వండి. 250 కాపీల్లో 147వది ఇంకా షాపులోనే ఉందంటే మిగతావీ ఎక్కడో ఉండే ఉంటాయి. పెద్దమ్మగారు ఏం చెప్పారో, ఆ సంతకం ఎవరిదని తేలిందో మాత్రం నాకు తప్పకుండా రాయండి.